సీటు చివరి గాడి

టొలీడో, ఒహాయో
ఫిబ్రవరి 6, 2005

వెర్లిన్‌కి,

ఫోన్‌లో నా గొంతు వినగానే పెట్టేస్తున్నావు. మూడుసార్లు చేశాను, మూడుసార్లూ అంతే. ఉత్తరాన్ని అలా పెట్టేయడం కుదరదు. చించెయ్యొచ్చు, కానీ చించవు. నీ గురించి నేనేం రాశానో చూడకుండా ఉండలేవు. చిన్నప్పటి నుంచీ అదే బుద్ధి.

నాన్న పోయి పద్నాలుగు నెలలైంది. ఆయన కారు అమ్మకానికి పెట్టిన సంగతి సొంత చెల్లెలికి చెప్పాలనిపించలేదు నీకు. పాత కార్ల పత్రికలో చూసి తెలుసుకున్నాను. నేను పనిచేసే ఇంజన్ల షాపులో ఆ పత్రిక రాగానే కొట్టుకుని మరీ చదువుతారు. "1969 పాంటియాక్ జీటీవో, ఆకుపచ్చ రంగు, నాలుగు గేర్లు, ఒకటే కుటుంబం, ఫ్యాక్టరీలో బిగించిన అసలు ఇంజన్, నంబర్లు కలుస్తాయి." మా ఫోర్‌మన్ పైకి చదివి, "ఎవడో గాని పెట్టి పుట్టాడు" అన్నాడు. వాడు మా అన్నయ్యేనని చెప్పడానికి సిగ్గేసి ఊరుకున్నాను.

కారు నీకే రాసిచ్చాడు నాన్న. అమ్ముకుంటావో, తగలబెట్టుకుంటావో నీ ఇష్టం. కానీ 'అసలు ఇంజన్' అని ఏ ముఖం పెట్టుకుని రాశావు? ఆ ఇంజన్ డెబ్భై మూడు ఆగస్టులో వుడ్‌వర్డ్ రోడ్డు మీద, పందెంలో పోయింది. లోపలి రాడ్ విరిగి పక్క గోడ పగలగొట్టుకుని బయటికొచ్చింది. నా పిడికిలి పట్టేంత కన్నం. ఇప్పుడు కారులో ఉన్నది తర్వాత నాన్న పాత సామాన్ల యార్డులో వెతికి తెచ్చి బిగించింది.

పత్రికలో ఇంజన్ మీది నంబరు ఫొటో కూడా వేయించావు, కారు ఒంటి మీదున్న నంబరే అదీ అని. 29P117482. ఆ అంకెలు నిద్రలో లేపి అడిగినా చెప్తాను. భూతద్దం పెట్టి చూశాను. ఎంత తిన్నగా ఉన్నాయో! పెళ్ళి శుభలేఖ మీద అచ్చు వేయించినట్టున్నాయి. కార్ల ప్లాంటులో గంటకి అరవై ఇంజన్ల మీద సుత్తితో కొట్టేవాడికి అంత తీరికెక్కడిది? ఒకటి లోతుగా దిగుతుంది, ఒకటి పైపైన తగులుతుంది, చివరి రెండూ పక్కకి వాలతాయి. ఆ వంకర అంకెల మీద నాన్న మన వేళ్ళు పట్టుకుని తడిమించేవాడు, మరిచిపోయావా?

ఎవడి చేత కొట్టించావు? సమాధానం రాయి.

లొరీన్


పాంటియాక్, మిషిగన్
ఫిబ్రవరి 15

లొరీన్‌కి,

నీ భూతద్దం నీ దగ్గరే పెట్టుకో, ముసలితనంలో పనికొస్తుంది.

నాన్న అంత్యక్రియలకి వచ్చి ఒక్క పూట ఉండి, చర్చి వాళ్ళు పెట్టిన భోజనం కూడా ముట్టకుండా పోయినదానివి. ఇప్పుడు ఆయన కారు మీద ప్రేమ కారిపోతోందా? ముప్పై రెండేళ్ళు దాన్ని కనిపెట్టుకుని ఉన్నది నేను. చలికాలం ఉప్పు చల్లిన రోడ్డు మీద దాని చక్రం పడనివ్వలేదు. నవంబర్‌లో దుప్పటి కప్పి ఏప్రిల్‌లో తీసేవాణ్ణి. నాన్నకి చూపు పోయాక ప్రతి ఆదివారం ఎక్కించుకుని తిప్పాను. ఏమీ కనపడకపోయినా మూడో గేరు పడగానే ఆ చప్పుడుకి ముఖమంతా నవ్వయ్యేవాడు. నువ్వెక్కడున్నావమ్మా అప్పుడు?

కొనేది ఆరిజోనాలో పళ్ళ డాక్టరు, హోల్కంబ్ అని. డెబ్భై వేల డాలర్లు ఇస్తానన్నాడు. చిన్నప్పుడు వాళ్ళ వీధిలో ఇలాంటి కారు వెళ్తుంటే సైకిల్ ఆపి చూసేవాడట. కారు కాదు వాడు కొంటున్నది, తన చిన్నతనం. కొత్త కార్లలో కూర్చుంటే ఆసుపత్రి మంచం మీద ఉన్నట్టుంటుంది, మెత్తగా, చప్పుడు లేకుండా. ఇందులో తాళం తిప్పితే ఎదురింటి కిటికీ అద్దాలు అదురుతాయి. ఆ అదురు వెన్నులోకి ఎక్కుతుంది. జనం ధర కట్టేది దానికి. నంబర్లు కలిస్తే ఒక ధర, కలవకపోతే అందులో సగం. నా మోకాళ్ళు ఈ ఊరి చలికి పనిచేయడం మానేశాయి. టెన్నెసీలో చిన్న ఇల్లు చూసుకున్నాను. ఆ సగంతో వంటిల్లు తప్ప రాదు.

అసలు ఇంజన్ తుక్కులో కరిగిపోయిందని నాన్నే నాతో అన్నాడు. నాన్న పోయాడు, అమ్మ పోయింది. నీ మాటకి సాక్ష్యం ఎవరు? మిగిలింది పోలీసుల కాగితం ఒక్కటే. అందులో ఏముందో నీకూ తెలుసు. ఆ సాయంత్రం కారు నడిపింది లొరీన్ సైజ్‌మోర్, వయసు పదహారు. అప్పుడు ఇంజన్ పేల్చిందీ నువ్వే, ఇప్పుడు నా నోటి దగ్గర కూడు లాగుతున్నదీ నువ్వే.

వెర్లిన్


టొలీడో
ఫిబ్రవరి 27

వెర్లిన్‌కి,

ఆ మాట నాకే రాస్తున్నావా? నాకే! ఊళ్ళో వాళ్ళకి చెప్పుకున్నావు, సరే. పోలీసులకి చెప్పావు, అదీ సరే. మనిద్దరమే చదువుకునే ఉత్తరంలో కూడా రాయడానికి నీకు చెయ్యెలా వచ్చింది?

నువ్వు మరిచిపోయి ఉంటే చెప్తాను. ఆ సాయంత్రం అమ్మ చర్చిలో ఉంది, నాన్న రెండో షిఫ్టులో ఉన్నాడు. నేను వంటింట్లో టొమాటోలు ఉడికించి చలికాలానికి సీసాల్లో పెడుతున్నాను. నువ్వు గోడకున్న తాళాలు తీసుకుని ఈల వేసుకుంటూ వెళ్ళావు. అప్పటికే నీ లైసెన్సు లాగేసుకున్నారు. మళ్ళీ దొరికితే జైలు. నాన్న ఎవరెవరినో బతిమాలి ఇప్పించిన ప్లాంటు ఉద్యోగం కూడా గోవిందా. అందుకే ఇంజన్ పేలగానే కారు రోడ్డు మీదే వదిలేసి సందుల్లో పడి ఇంటికి పరిగెత్తుకొచ్చావు. గంటకి పోలీసులు వస్తే గుమ్మంలో నిలబడి "మా చెల్లెలు తీసుకెళ్ళింది సార్" అన్నావు. నా చేతులకి ఇంకా టొమాటో గింజలు అంటుకునే ఉన్నాయి.

ప్లాంటు నుంచి నాన్నని పిలిపించారు. "నాన్నా, ఈ సీసాలు ముట్టుకో, ఇంకా కాలుతున్నాయి" అన్నాను. పద్దెనిమిది సీసాలు. ఒక్కటి ముట్టుకున్నా సరిపోయేది. ముట్టుకోలేదు. ఏడాది పాటు నా లైసెన్సు పోయింది, సరే. ఐదేళ్ళప్పటి నుంచీ ఆయన పక్కన నిలబడి స్పానర్లు అందించినదాన్ని, మర్నాటి నుంచి గ్యారేజిలో అడుగుపెట్టొద్దన్నాడు. అది మాత్రం నేను ఈనాటికీ మింగలేదు.

ఇప్పుడు నువ్వడిగిన సాక్ష్యం సంగతి. నేను టొలీడో వచ్చేసిన ఏడాది, డెబ్భై ఆరులో, నాన్న పికప్పు వేసుకుని మా ఇంటికొచ్చాడు. వెనక టార్పాలిన్ కింద ఆ ఇంజన్. నా గ్యారేజిలో దింపించి "ఇది నీది" అన్నాడు. కాఫీ పెడతానన్నా ఆగలేదు. నువ్వు పాడుచేసింది నువ్వే చూస్తూ బతుకు అని తెచ్చి పడేశాడనుకున్నాను. చెయ్యని తప్పుకి శిక్ష ఇరవై తొమ్మిదేళ్ళుగా నా గ్యారేజి మూల కూర్చుని ఉంది.

తుక్కులో కరగలేదు వెర్లిన్. ఫొటో పెడుతున్నాను, పక్కన ఈ వారం వార్తాపత్రిక కూడా కనపడేలా తీశాను. చివరి రెండు అంకెలూ చూడు, ఎటు వాలాయో.

లొరీన్


పాంటియాక్
మార్చి 20

లొరీన్‌కి,

అది దొంగది. ఇంజన్ల షాపులో పనిచేసేదానికి నంబర్లు కొట్టుకోవడం ఎంతసేపు? నాన్న నాతో అబద్ధం చెప్పడు.

ఒకవేళ నిజమైనదే అయినా అది నాన్న కారు సామాను. కారు నాది కాబట్టి అదీ నాదే. ఇరవై తొమ్మిదేళ్ళు నా సొత్తు దాచుకున్నావన్నమాట. ఏప్రిల్ మొదటి వారంలో పికప్పు పంపిస్తాను, మారు మాట్లాడకుండా ఎక్కించు. కన్నం పడ్డ ఇనుప ముద్దతో నీకేం పని?

వెర్లిన్


టొలీడో
ఏప్రిల్ 2

వెర్లిన్‌కి,

ఒకే కాగితం మీద అది దొంగదన్నావు, నీదన్నావు. ముందు ఏదో ఒకటి తేల్చుకో.

పికప్పు పంపకు. పంపితే ఖాళీగా తిరిగొస్తుంది, పెట్రోలు దండగ.

కన్నం లేదు. నేనే పూడ్చాను. పోత ఇనుముకి వెల్డింగు పెడితే పక్కన ఇంకో పగులు వస్తుంది. అందుకని ముక్క కోసి కన్నంలో కూర్చి, చుట్టూ చిన్న చిన్న మరలు ఒకదాన్నొకటి కరుచుకునేలా బిగించాను, బట్టకి మాసిక వేసినట్టు. నూట నలభై మరలు, పన్నెండు శనివారాలు. ఆ తర్వాత పిస్టన్లు, వాల్వులు, అన్నీ ఒక్కొక్కటే సమకూర్చుకున్నాను. నాకే తెలీదు ఎందుకు చేస్తున్నానో. దాన్ని అలా చచ్చి పడి ఉండగా చూడలేకపోయాను, అంతే. పోయిన వేసవిలో స్టాండు మీద పెట్టి తాళం తిప్పాను. రెండో తిప్పుకే అందుకుంది. అదే చప్పుడు. గ్యారేజిలో నేల మీద చతికిలబడి ఏడ్చాను.

మీ పళ్ళ డాక్టరు డెబ్భై వేలు ఎందుకు ఇస్తానన్నాడో నీకన్నా నాకే బాగా తెలుసు. ఆ ఒళ్ళూ ఆ ఇంజనూ ఒకే రోజు కలిశాయి. ప్లాంటులో కార్లలోకి ఇంజన్ దించే చోటే నాన్న పని. తన కారు లైను మీద వస్తోందని కబురు ముందే పాకి, దారిపొడుగునా ప్రతివాడూ ప్రతి బోల్టూ రెండుసార్లు బిగించాడు. ఇంజన్ని నాన్నే తన చేత్తో దింపాడు. ఇది కథ కాదు, నిజం, అని చెప్పడానికి ఆ వంకర నంబరు తప్ప లోకంలో ఇంకేమీ లేదు. నువ్వు దాన్నే దొంగది చేసి అమ్ముతున్నావు.

ఇంజన్ కావాలా? డబ్బు అక్కర్లేదు. ఆ సాయంత్రం కారు ఎవరు నడిపారో నీ చేతి రాతతో రాసి, కింద సంతకం పెట్టి పంపు. కాగితం అందిన మర్నాడే ఇంజన్ నీ ఇంటి ముందు ఉంటుంది. రాయకపోతే ఆ ఫొటో ఆరిజోనా వెళ్తుంది.

లొరీన్


పాంటియాక్
మే 22

చెల్లెమ్మకి,

బాగున్నావా? ఇక్కడ లిలాక్ పూసింది. అమ్మ నాటిన చెట్టు, నీకు గుర్తుందో లేదో.

డాక్టరు గారు పంపిన మనిషి వచ్చి కారు చూసి వెళ్ళాడు. నంబరు మీద పల్చటి కాగితం పెట్టి పెన్సిలుతో రుద్ది అచ్చు తీసుకున్నాడు. ఆ కాగితాన్ని వెలుతురుకి పట్టుకుని చాలాసేపు చూశాడు. "ఈ కారుకి ఇంకో ఇంజన్ ఏమైనా ఉందా అండి?" అని అడిగాడు. లేదన్నాను. టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు. అప్పటి నుంచీ కబురు లేదు. నంబరు దొంగదని తేలితే అమ్మకం పోవడమే కాదు, కేసు కూడా అవుతుందని మా పక్కింటాయన అన్నాడు. నాకు తిండి సయించడం లేదు.

పాతవన్నీ ఇప్పుడు తవ్వుకుని ఏం లాభం చెప్పు? అప్పుడు చిన్నవాళ్ళం. ఏదో జరిగిపోయింది. ఎవరిదైనా పొరపాటు ఉంటే మనసులో పెట్టుకోకు. మన ఇద్దరికీ మిగిలింది మనిద్దరమే. ఇంజన్ పంపించు తల్లీ, నీ మేలు మరిచిపోను.

మీ అన్నయ్య


టొలీడో
మే 29

వెర్లిన్‌కి,

ముప్పై రెండేళ్ళకి చెల్లెమ్మనయ్యాను. భయం వేస్తే చుట్టరికాలు ఎంత తొందరగా గుర్తొస్తాయో!

ఏదో జరిగిపోవడానికి అదేమన్నా వడగళ్ళ వానా? ఎవరో ఒకరు చేశారు. 'ఎవరిదైనా' అని రాశావే, ఆ చోట పేరు రాయి. జూన్ ఇరవై దాకా ఆగుతాను.

లొరీన్


పాంటియాక్
జూన్ 16

లొరీన్‌కి,

ఇదిగో, తీసుకో.

1973 ఆగస్టు 17, శుక్రవారం సాయంత్రం మా నాన్న ఆర్విల్ సైజ్‌మోర్ కారు వుడ్‌వర్డ్ రోడ్డు మీద నడిపిందీ, ఇంజన్ పేల్చిందీ నేను. మా చెల్లెలు లొరీన్ ఆ సమయంలో ఇంట్లో టొమాటోలు సీసాల్లో పెడుతోంది. పోలీసులకి నేను చెప్పింది అబద్ధం. సంతకం, వెర్లిన్ సైజ్‌మోర్.

కడుపు చల్లబడిందా? ఇప్పుడు ఇంకోటి విను. ఇది నువ్వు అడగలేదు, ఊరికే ఇస్తున్నాను. ఇన్నాళ్ళూ నన్నొక్కణ్ణే తిట్టుకున్నావు. కొంచెం నాన్నకి కూడా పంచు.

మర్నాడు పొద్దున నాన్న నన్ను వెంటబెట్టుకుని, కారు లాక్కెళ్ళి పెట్టిన పోలీసుల యార్డుకి వెళ్ళాడు. కారు తలుపు తీసి డ్రైవరు సీట్లో కూర్చున్నాడు. నాన్నా నువ్వూ ఒకటే ఎత్తు, ఐదడుగుల మూడంగుళాలు. నేను అమ్మ పోలిక, ఆరడుగులు. మీ ఇద్దరిలో ఎవరు నడిపినా సీటు మార్చే పనే లేదు. ఆ రోజు సీటు చివరి గాడి దాకా వెనక్కి ఉంది. నేను ఎలా వదిలానో అలాగే.

ఆయన కాలు క్లచ్చికి అందలేదు. ఒకసారి చాపి చూశాడు. మళ్ళీ చాపాడు. నా వైపు చూడలేదు. అలాగే కూర్చుండిపోయాడు. తర్వాత చెయ్యి కిందకి పోనిచ్చి మీట లాగి, సీటు ముందుకు జరుపుకున్నాడు, తన గాడికి. దిగి తలుపు వేసి, "సోమవారం ప్లాంటులో నీ మొదటి రోజు. టైముకి పో" అన్నాడు. ఇంటి మలుపు తిరిగేటప్పుడు ఇంకో మాట అన్నాడు. "పిల్లకి ఎలాగూ ప్లాంటులో పని ఇవ్వరులే."

అంతే. చచ్చేదాకా మళ్ళీ ఎత్తలేదు. నాన్నకి తెలుసు లొరీన్, మొదటి రోజు నుంచీ. నీ సీసాలు ముట్టుకోవాల్సిన అవసరమే లేదు ఆయనకి. వెళ్ళి ఆయన సమాధి మీద భూతద్దం పెట్టి వెతుక్కో, ఏమైనా దొరుకుతుందేమో.

మాట ప్రకారం ఇంజన్ పంపు.

వెర్లిన్


టొలీడో
ఆగస్టు 15

వెర్లిన్‌కి,

నీ ఉత్తరం జూన్‌లోనే అందింది. జవాబు రాయడానికి చెయ్యి ఆడలేదు. నువ్వు పంపిన కబుర్లకీ, ఫోన్లకీ అందుకే పలకలేదు. ఈసారి పెట్టేసింది నేను.

చదివిన రోజు గ్రైండరు పట్టుకుని గ్యారేజిలోకి వెళ్ళాను, ఇంజన్ మీద ఆ నంబరు చెరిపేద్దామని. చెరిపేస్తే నీకూ ఉండదు, నాకూ ఉండదు, ఆయన గొప్ప కారు ఒట్టి డబ్బా అయిపోతుంది. స్విచ్చి వేశాను కూడా. చెయ్యి ముందుకు పోలేదు. మన ఇంట్లో నాతో అబద్ధం ఆడనిది ఆ నంబరొక్కటే.

ఆయన ఇంజన్ తెచ్చి నాకిచ్చింది శిక్షగా కాదని, క్షమాపణగా అని ఇప్పుడు నేను అనుకోవాలి కాబోలు. నీతో తుక్కులో పోయిందన్నాడు, నాతో "ఇది నీది" అన్నాడు. కావచ్చు. అయితే మాత్రం? ఆరువందల పౌండ్ల ఇనుము మోసుకొచ్చిన మనిషికి "నువ్వు కాదని తెలుసమ్మా" అనే మాట బరువైందా? ఆయన మీద నాకున్నంత కోపం నీ మీద కూడా లేదు. నువ్వు అప్పుడు పద్దెనిమిదేళ్ళ పిరికి వెధవవి. ఆయన నాన్న. నేను ఎవరి పక్కన నిలబడి పని నేర్చుకున్నానో ఆ మనిషి.

మాట తప్పుతున్నాను. ఇంజన్ పంపను, తీసుకొస్తాను. నేను అడిగింది ఒక్క నిజం, నువ్వు నన్ను ఏడిపించడానికి రెండోది కలిపి పంపావు. రెండో దాని ధర వేరు. హోల్కంబ్ గారికి అమ్మకం లేదని ఈ రోజే రాసెయ్. కారు నా పేర మార్పించు. దొంగ నంబరున్న కారుకి బజారులో ఎంత పలుకుతుందో అంతా ఇస్తాను, ఒక్క సెంటు తగ్గించను, ఒక్క సెంటు ఎక్కువ పెట్టను. కాదంటే నీ చేతి రాతా, నా ఫొటోలూ ఎక్కడికి పోవాలో అక్కడికి పోతాయి. టెన్నెసీలో నీ ఇల్లు కొంచెం చిన్నదవుతుంది. నా బతుకు ముప్పై రెండేళ్ళుగా చిన్నదై ఉంది.

శనివారం పొద్దున ట్రెయిలరు మీద ఇంజన్ తెస్తున్నాను. గొలుసూ కప్పీ కూడా నావే తెస్తాను. నువ్వు కొట్టించిన నంబరు నా కళ్ళ ముందు నీ చేత్తోనే రుద్దెయ్యాలి. సాయంత్రానికి ఆ ఇంజన్ దిగుతుంది, ఇది ఎక్కుతుంది. బోల్టులు నేనే బిగిస్తాను, ఒక్కోటి రెండేసి సార్లు.

భోజనం పెట్టక్కర్లేదు. మాట్లాడక్కర్లేదు. ఒక్క పని మాత్రం చేసి ఉంచు. నేను వచ్చేసరికి సీటు చివరి గాడి దాకా వెనక్కి ఉండాలి, ఆ సాయంత్రం నువ్వు వదిలి పారిపోయినట్టే. ఎక్కి కూర్చుంటాను. నా కాలు క్లచ్చికి అందదని తెలుసు. అయినా ఒకసారి చాపి చూస్తాను, నువ్వు ఎదురుగా నిలబడి చూస్తుండగా.

ముందుకు నేనే జరుపుకుంటాను.

లొరీన్